తాతయ్యను, అమ్మమ్మను ఏమని అడగాలి?

పెద్దవారి దగ్గర కాసేపు కూర్చోమని పిల్లలకు చెప్పడం తేలికే గాని, ఏం మాట్లాడాలో చెప్పకపోతే ఆ కూర్చోవడం భోజనమయిందా, చదువెలా ఉంది అన్న రెండు ప్రశ్నలతోనే ముగుస్తుంది. "మీ చిన్ననాటి సంగతులు చెప్పండి" అన్నా అంతే. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక వారు "ఏముంది చెప్పడానికి" అని తప్పించుకుంటారు.

అందుచేత ముందుగా వారు పుట్టిన సంవత్సరాన్ని కాగితం మీద వేసి, దాని పక్కన ఊరి సంగతులను పేర్చుకోవాలి. 1948లో పుట్టిన విజయవాడ తాతయ్యకు ప్రకాశం బ్యారేజీ పూర్తయిన 1957 నాటికి 9 ఏళ్లు, జై ఆంధ్ర ఉద్యమం లేచిన 1972 నాటికి 24, దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నాటికి 29. అప్పుడు "బ్యారేజీ లేనప్పుడు అవతలి ఒడ్డుకు ఎలా వెళ్లేవారు?", "ఉప్పెన రాత్రి మన ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడగవచ్చు. ఉప్పెనలో అయినవారిని పోగొట్టుకున్నవారు మాట ఆపితే మళ్లీ కదిలించకూడదు. సంవత్సరం గుర్తు రానప్పుడు పుష్కరాలను పట్టుకోవాలి: కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లలో వచ్చాయి గనుక "అది పుష్కరాలకు ముందా, తరువాతా?" అంటే పెళ్లిళ్లు, పురుళ్లు, ఇల్లు కట్టిన ఏడు చాలావరకు తేలిపోతాయి. పాత ధరల విషయంలో మాత్రం జ్ఞాపకాన్ని మరీ నమ్మకూడదని నా అభిప్రాయం.

కూర్చోబెడితే పెదవి విప్పనివారు చేతిలో పని ఉంటే మాట్లాడతారు. గుంటూరు ఇళ్లలో ఆవకాయ పెట్టే వేసవి రోజులు ఇందుకు అనువైనవి. అమ్మమ్మ కారం, ఆవపిండి, ఉప్పు చేతి అంచనాతో వేస్తుంటే, ఒక్కొక్కటి వేయకముందు, వేసిన తరువాత గిన్నెను తూచి తేడా రాసుకోవడం మనవరాలి వంతు. ఈ కారం ఏ రకం మిరపది, మూడో రోజున ఎందుకు తిరగకలపాలి వంటి ప్రశ్నలు అక్కడ వాటంతట అవే పుడతాయి.

ఇంటర్మీడియట్ పిల్లలు హాస్టలు నుంచి వచ్చిన రోజున పెద్దలు ర్యాంకు ఊసెత్తకూడదు (విజయవాడ, గుంటూరులలో ఇది చిన్న షరతు కాదు). వినికిడి తగ్గినవారితో టీవీ, కూలరు ఆపి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ఫోను నేర్పేటప్పుడు దాన్ని లాక్కుని పని చేసిపెట్టక, వారి వేలితోనే నొక్కించాలి.

మాటలను రికార్డు చేసే ముందు అనుమతి అడగాలి. విన్నది రాసి మరుసటి వారం చదివి వినిపిస్తే, పేర్లను, వరసలను దిద్దుతూ మొదటిసారి మరిచినవి కూడా చెబుతారు. అలా దిద్దించి, వారు వద్దన్న భాగాలు తీసేసిన తరువాతే బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.