పదాల పుట్టుక – పాఠం 4: చోర్బజి

గత పాఠంలో తుర్కీ మాట 'ఓర్దూ' అంటే సైన్యం, దండు విడిది అనీ, ఉర్దూ భాషకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చిందనీ చూశాం. ఈసారి మాటను విడగొట్టడం నేర్చుకుందాం.

ఒట్టోమన్ సుల్తానుల పేరుమోసిన కాల్బలం జానిసరీలు. 'యెని' అంటే కొత్త, 'చెరి' అంటే సైన్యం, కలిపితే యెనిచెరి. 14వ శతాబ్దంలో పుట్టిన ఈ సైన్యంలో ఒక్కో దళానికి అధిపతి చోర్బజి.

'చోర్బా' అంటే సూప్. హైదరాబాద్ హోటళ్లలో తాగే షోర్బాకు తోబుట్టువు, రెండూ పారసీ నుంచి వచ్చినవే. చివరి 'జి' మన వేటకాడు, విలుకాడులోని 'కాడు' లాంటిది. అంటే ఈ సేనాని 'సూపుకాడు'!

ఇది వెటకారం కాదు, గౌరవం. సుల్తాను పెట్టే తిండి తింటున్నామన్నదే ఆ సైనికుల విధేయతకు గుర్తు. మనం 'ఉప్పు తిన్నాం' అంటామే, అలాగన్నమాట. వాళ్ల సైన్యం పేరు 'ఒజాక్', అంటే పొయ్యి. టోపీకి ముందు చెంచా పెట్టుకునేవారు. వంట గుండిగ 'కజాన్' వాళ్లకు జెండా అంత పవిత్రం. దాన్ని బోర్లిస్తే 'నీ తిండి మాకొద్దు' అని సుల్తానుకు చెప్పినట్టే. 1826లో రెండో మహమూద్ ఈ సైన్యాన్ని రద్దు చేసి రెండు వందలేళ్లు కావస్తున్నా, తుర్కీలో 'గుండిగ ఎత్తడం' అంటే ఇప్పటికీ తిరగబడడమే. ఒక మాట ఇంత చరిత్రను మోసుకొస్తుంటే నాకు ఎంత చదివినా తనివి తీరదు.

ఇక సూత్రం. 'తోప్' అంటే ఫిరంగి. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని తోప్ కా సాంచా గుర్తుందా? ఫిరంగి పేల్చేవాడు తోప్‌చు. 'జి' ఇక్కడ 'చు' ఎందుకైంది? మన వ్యాకరణంలో పరుషాలు, సరళాలు ఉన్నాయి కదా. ముందు 'ప్', 'క్' లాంటి పరుషం ఉంటే 'జ' కాస్తా 'చ' అవుతుంది. ముందున్న అచ్చు 'ఒ' లేదా 'ఉ' అయితే చివర 'ఉ' వస్తుంది. మన ఖజాంచిలో ఉన్నదీ ఈ ప్రత్యయమే, కాకపోతే పారసీ, ఉర్దూ దాన్ని మార్చకుండా 'చి'గానే వాడుకున్నాయి.

అభ్యాసం: 'ఒక్' అంటే బాణం, 'గెమి' అంటే ఓడ. విలుకాడిని, నావికుడిని తుర్కీలో ఏమంటారో కాగితం మీద రాయండి. జవాబులు 5వ పాఠం మొదట్లో.