బరంపురంలో ఉప్పునీటి చేపల ట్యాంకు: ఫిల్టరు అమరిక, నిర్వహణ

పగడాలు లేకుండా చేపలు మాత్రమే ఉండే ఉప్పునీటి ట్యాంకు పెట్టాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఏ చేపలు కొనాలని. ఆ మాట రెండు నెలలు పక్కన పెట్టండి. ఈలోగా కట్టాల్సింది బాక్టీరియాకి ఇల్లు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా విషాన్ని మార్చేది ఆ బాక్టీరియానే. అది సరిగ్గా కుదిరితే చేపలు ఏళ్ళ తరబడి బతుకుతాయి. కుదరకపోతే ఎంత ఖరీదైన మందు పోసినా వారంలో తేలిపోతాయి.

ఇక్కడి లెక్కలన్నీ 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు ఉన్న ట్యాంకుకి. పైన రెండంగుళాలు వదిలి నింపితే 226 లీటర్లు పడుతుంది. రాయి, ఇసుక ఆక్రమించే చోటు తీసేస్తే 200 లీటర్లు. కింద 36×14×16 అంగుళాల గాజు తొట్టి, అదే సంపు. అందులో 9 అంగుళాల మట్టానికి మరో 74 లీటర్లు. రెండూ కలిపి 270 లీటర్లు అనుకోండి. అద్దం, రాయి, నీరు అన్నీ చేరితే బరువు నాలుగు క్వింటాళ్ళ దాకా వస్తుంది కాబట్టి స్టాండు వెల్డింగ్ చేయించేవాడికి ఆ అంకె ముందే చెప్పాలి.

నీళ్ళు ఎక్కడివి?

గోపాల్‌పూర్ సముద్రం పక్కనే ఉంది కదా, నాలుగు క్యాన్లు నింపుకొస్తే పోలేదా అని అందరికీ అనిపిస్తుంది. ఒడ్డున నీళ్ళలో ఇసుక, పడవల డీజిల్, రోగాలు తెచ్చే జీవులు కలిసే ఉంటాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఉప్పదనం. వానాకాలంలో ఋషికుల్య, మహానది లాంటి నదుల వరద కలిసి ఈ తీరంలో ఉప్పు బాగా తగ్గుతుంది. అక్టోబరు తర్వాత ఉత్తరం నుంచి దిగే ప్రవాహం ఆ పలచని నీటిని కొన్ని నెలలు తీరం వెంటే నడిపిస్తుంది. అదే చోట ఏప్రిల్‌లో ముంచిన నీరూ నవంబరులో ముంచిన నీరూ ఒకటి కావు. అందుకే ప్యాకెట్ సముద్రపు ఉప్పు, ఆర్‌ఓ నీళ్ళు వాడటమే మేలు.

ఇంట్లో తాగే ఆర్‌ఓ యంత్రమైతే మినరల్ కాట్రిడ్జి, టీడీఎస్ కంట్రోలరు దాటకముందే నీళ్ళు పట్టండి. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 10 లోపు ఉండాలి. బోరు నీరు గాఢంగా ఉండి అంతకు దిగకపోతే చివర, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ కాట్రిడ్జి తగిలించండి. కూరల్లో వేసే ఉప్పు పనికిరాదు. అందులో మెగ్నీషియం, కాల్షియం ఉండవు, పీహెచ్‌ని నిలబెట్టే కార్బొనేట్లూ ఉండవు.

చేపల ట్యాంకుకి స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీటితో పోల్చిన సాంద్రత, ఉప్పదనానికి కొలత) 1.022 చాలు. లీటరుకి సుమారు 31 గ్రాముల ఉప్పు, అంటే 270 లీటర్లకి దాదాపు 8.4 కిలోలు. బ్రాండుని బట్టి కొంచెం మారుతుంది గనుక చివరి అర కిలో కొలిచి చూసుకుంటూ వేయండి. కొలవడానికి రిఫ్రాక్టోమీటరు కొనండి, దాన్ని 35 పీపీటీ (వెయ్యి పాళ్ళకి 35 పాళ్ళ ఉప్పు) ద్రావణంతో సరిచూడండి. ఉత్త ఆర్‌ఓ నీళ్ళతో సున్నాకి తెచ్చి వదిలేస్తే పై అంకెల దగ్గర తప్పు చూపించవచ్చు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరుకి గాలి బుడగ అంటుకుంటే చాలు, రీడింగు తప్పుతుంది.

సంపు, పంపు, స్కిమ్మరు

పై ట్యాంకు నుంచి నీరు పొంగి పైపులోంచి సంపు మొదటి గదిలోకి పడుతుంది. అక్కడ 200 మైక్రాన్ల ఫిల్టరు సంచి, పక్కనే గాలి బుడగల నురుగుతో మురికిని పైకి లాగి కప్పులో పట్టే ప్రోటీన్ స్కిమ్మరు. రెండో గదిలో బాక్టీరియా ఉండే 4, 5 లీటర్ల సిరామిక్ రింగులు. మూడో గదిలో నీటిని పైకి తోసే పంపు. నీరు ఆవిరయ్యే కొద్దీ మట్టం తగ్గేది మూడో గదిలోనే. మొదటి గదిలో మట్టం మారకుండా అడ్డు గాజు ఆపుతుంది. స్కిమ్మరు అక్కడే ఉండాలనడానికి కారణం ఇదే. మట్టం రెండంగుళాలు మారినా నురుగు కప్పులోకి ఎక్కడం మానేస్తుంది, లేదా పొర్లిపోతుంది.

దిగే పైపులు రెండు పెట్టించండి. ఒకటి నత్తతోనో నాచుతోనో మూసుకుపోయినా రెండోది కాపాడుతుంది. అన్నీ పీవీసీ ఫిట్టింగులే. ఇత్తడి, రాగి, జీఐ ఒక్క ముక్క కూడా నీటికి తగలకూడదు.

పంపు మీద గంటకి 3,000 లీటర్లని రాసి ఉంటే నాలుగున్నర అడుగులు ఎక్కేసరికి సుమారు సగమే వస్తుంది. ఆ సగం ఈ ట్యాంకుని గంటకి ఏడెనిమిది సార్లు తిప్పుతుంది, సరిపోతుంది. దానికి తోడు ట్యాంకులో ఒక వేవ్‌మేకరు పెట్టి నీటి పైపొర అలలాడేట్టు తిప్పండి. వెచ్చని ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, మన మే నెలలో ఈ కదలికే చేపకి ఊపిరి.

కరెంటు పోగానే పై ట్యాంకు నీరు పంపు పైపు గుండా వెనక్కి దిగడం మొదలవుతుంది. పై ట్యాంకులో ఒక అంగుళం నీరంటే 14 లీటర్లు. పైపు కొస అడుగున ఉంటే సంపు పొర్లి గది నిండా ఉప్పునీరే. అందుకని కొసని నీటి మట్టానికి ఒక అంగుళం మాత్రమే కిందుగా పెట్టి, మట్టానికి కాస్త కిందనే పైపుకి 5 మి.మీ. రంధ్రం వేయండి. మట్టం రంధ్రం దాకా దిగగానే గాలి దూరి సైఫన్ తెగుతుంది. చేపలు రాకముందే స్విచ్ ఆపి చూడండి. సంపులో నీరు ఎక్కిన చోటు చూసుకుని, ఇంకా ఎంత ఖాళీ ఉందో లెక్కేసి, మామూలుగా నడిచేటప్పటి గరిష్ఠ మట్టాన్ని మార్కరుతో గీసి పెట్టండి. ఆ రంధ్రాన్ని నెలకోసారి బ్రష్షుతో తోమాలి.

స్కిమ్మరు 500 లీటర్ల స్థాయిది తీసుకోండి. డబ్బాల మీది అంకెలు తక్కువ చేపలున్న ట్యాంకుకి రాసినవి, మనదేమో నిండా మేత పడేది. కొత్తది మొదటి వారం, పది రోజులు సరిగా నురగదు, కంగారుపడి స్క్రూలు తిప్పకండి. అది గది గాలిని పీల్చి నీటిలో కలుపుతుందన్నది మాత్రం మరవకండి. దోమల లిక్విడ్‌లో, చక్రాల్లో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకి విషం. ట్యాంకున్న గదికి దోమతెర కట్టుకోవడమే మార్గం.

వైర్లన్నీ సాకెట్ కన్నా కిందికి ఒకసారి వేలాడి పైకెక్కాలి, కారిన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఉప్పునీటికి కరెంటు తోడైతే ప్రాణాలకే ముప్పు.

రాయి విషయంలో ఒక హెచ్చరిక. సముద్రం నుంచి తెచ్చే రాయి చాలాసార్లు పగడమే. పగడాలు, సముద్ర గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతులు. ఎవరో తెచ్చిస్తామన్నా కొనకండి. సిరామిక్ రాయి బాక్టీరియాకి అంతే బాగా పనిచేస్తుంది.

చేప లేకుండా సైకిల్

సైకిల్ అంటే చేపలు రాకముందే అమ్మోనియా పోసి ఆ బాక్టీరియాని పెంచడం. కళాయి వేసేవాళ్ళు వాడే నవాసారమే అమ్మోనియం క్లోరైడ్. బజారు సరుకు కాకుండా ల్యాబ్‌కి అమ్మే శుద్ధమైనది 1.7 గ్రాములు కరిగించి పోస్తే 270 లీటర్లలో అమ్మోనియా 2 పీపీఎంకి (పది లక్షల పాళ్ళకి రెండు పాళ్ళు) వస్తుంది. సీసాలో దొరికే నైట్రిఫయింగ్ బాక్టీరియా కలిపి, వేవ్‌మేకరు, పంపు నడుపుతూ రెండు రోజులకోసారి టెస్టు చేయండి. ముందు అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ తగ్గి నైట్రేట్ మిగులుతుంది. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. మళ్ళీ 2 పీపీఎం పోసినప్పుడు 24 గంటల్లో రెండూ సున్నాకి వస్తే ట్యాంకు సిద్ధం. అప్పుడు ఒకటో రెండో క్లౌన్ చేపలు వేసి, రెండు వారాలాగి తర్వాతవి. ఒకేసారి ఆరు వేస్తే బాక్టీరియా అందుకోలేక అమ్మోనియా లేస్తుంది. పీహెచ్ 8.2 దగ్గర అదే అమ్మోనియా మంచినీటి ట్యాంకులోకన్నా చాలా ఎక్కువ విషం.

చెన్నై నుంచో కోల్‌కతా నుంచో రైల్లో రాత్రంతా వచ్చిన సంచిని విప్పి గంటలు గంటలు చుక్కలుగా నీరు పోయకండి. సంచి మూసి ఉన్నంతసేపూ కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గి అమ్మోనియా అణిగి ఉంటుంది. విప్పగానే పీహెచ్ పెరిగి అది కాటేస్తుంది. అమ్మినవాళ్ళని ఉప్పదనం ముందే అడిగి, కొత్త చేపని విడిగా ఉంచే క్వారంటైన్ తొట్టిని అదే అంకెకి తెచ్చి పెట్టండి. మూసిన సంచిని పావుగంట తేలనిచ్చి, విప్పగానే చేపని మార్చేయండి, సంచి నీళ్ళు పారబోయండి. అక్కడ నాలుగు వారాలైనా ఉంచాలి. తెల్లచుక్కల జబ్బుకి రాగి మందు ఆ తొట్టిలోనే, రాగి టెస్టు కిట్‌తో కొలిచి వేయండి. పెద్ద ట్యాంకులో పోస్తే రాయి, ఇసుక దాన్ని పీల్చుకుంటాయి, మోతాదు చేతిలో ఉండదు.

రోజూ, వారం వారం

రోజూ చూడాల్సింది ఉష్ణోగ్రత, మూడో గది మట్టం. ఆవిరైపోయేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన దాన్ని ఉప్పు లేని ఆర్‌ఓ నీటితోనే నింపాలి. ఎండాకాలంలో సంపు మీదికి ఫ్యాను తిప్పితే రెండు డిగ్రీలు తగ్గవచ్చు, కానీ మన తీరపు ఉక్కలో ఆ పని మందగిస్తుంది. 30 డిగ్రీలు దాటుతూనే ఉంటే నీటిని చల్లబరిచే యంత్రమే (చిల్లర్) దిక్కు.

ఫిల్టరు సంచి మూడు నాలుగు రోజులకోసారి మార్చకపోతే అందులో పట్టిన మురికి అక్కడే కుళ్ళి నైట్రేట్ అవుతుంది. స్కిమ్మరు కప్పు మెడలో జిడ్డు పేరుకుంటే నురుగు ఎక్కదు, దాన్నీ అప్పుడే తుడవండి. రెండు వారాలకోసారి 40 లీటర్లు మార్చాలి. రెండు 20 లీటర్ల వాటర్ క్యాన్లలో మొత్తం 1.24 కిలోల ఉప్పు ముందురోజే కలిపి, గాలి పంపుతో రాత్రంతా తిప్పి, ఉప్పదనం, ఉష్ణోగ్రత సరిచూసి పోయండి. నైట్రేట్ 40 పీపీఎం లోపు, ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలబెట్టే కార్బొనేట్ల కొలత) 8 నుంచి 10 డీకేహెచ్ ఉంటే చేపలకి ఇబ్బంది లేదు. సిరామిక్ రింగులు కడగాల్సి వస్తే తీసిన ట్యాంకు నీళ్ళలోనే, అదీ సగం సగంగా. కుళాయి నీళ్ళ కింద పెడితే బాక్టీరియా చస్తుంది. మూడు నెలలకోసారి పంపు విప్పి ఇంపెల్లరుని వెనిగర్‌లో నానబెట్టి తోమండి.

తుఫాను రోజులు

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు దాటింది. అక్టోబరు వచ్చిందంటే ముందే సిద్ధంగా ఉండాలి. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు 40 వాట్ల పంపుని సుమారు ఒక రోజు లాగుతుంది. ఇంటి ఫ్యాన్లు దాని మీదే ఉంటే అంత రాదు. అది అయిపోయాక బ్యాటరీతో నడిచే గాలి పంపులు రెండు. హెచ్చరిక రాగానే మేత తగ్గించి, కరెంటు పోయాక పూర్తిగా ఆపేయండి. పెద్ద చేప రెండు మూడు రోజులు తినకపోయినా ఏం కాదు, నీటిలో కుళ్ళే మేతే చంపుతుంది. సిరామిక్ రింగుల్ని జాలీ సంచిలో వేసి పై ట్యాంకులో గాలి బుడగల దగ్గర వేలాడదీయండి, బాక్టీరియాకీ ఆక్సిజన్ కావాలి. మూతపడి ఉండే క్యానిస్టర్ ఫిల్టరు ఉన్నవాళ్ళు, కరెంటు కొన్ని గంటలు పోయి వస్తే వెంటనే స్విచ్ వేయకండి. లోపలి మీడియా (బాక్టీరియా ఉండే రింగులు, స్పాంజి) తీసి, ఉప్పు కలిపిన కొత్త నీటితో కడిగి, ఆ నల్లనీరు పారబోసి, అమ్మోనియా టెస్టు చేశాకే నడపండి.