గామా విస్ఫోటాల లెక్కలు నేర్చుకుందాం – 4: క్వార్క్ తార దగ్గర అంత శక్తి ఉందా?

గామా విస్ఫోటం (గామా-రే బర్స్ట్, పొట్టిగా జీఆర్‌బీ) అంటే ఎంతో దూరాన్నుంచి కాసేపు వచ్చే గామా కిరణాల మెరుపు. అది అన్ని వైపులా సమానంగా వెలిగిందనుకుని మొత్తం శక్తి కట్టడం పోయిన పాఠంలో చూశాం కదా. 1999 జనవరి 23న కనిపించిన జీఆర్‌బీ 990123కి అలా కడితే దాదాపు 3×10⁵⁴ ఎర్గులు (ఎర్గు అంటే శక్తికి ఓ చిన్న కొలత) వస్తుంది. సూర్యుణ్ణి రేణువు కూడా మిగలకుండా శక్తిగా మార్చేసినా వచ్చేది 1.8×10⁵⁴ మాత్రమే, కాబట్టి ఆ అంకె చూస్తే ఎవరికైనా టెన్షనే. కానీ వెలుగు అన్ని వైపులా పోదు, ఎదురెదురు దిక్కుల్లో రెండు సన్నటి జెట్‌లుగా పోతుంది. జెట్ అర్ధకోణం (మధ్య గీత నుంచి అంచు దాకా ఉన్న కోణం) 5 డిగ్రీలనుకుని, 1లోంచి కాస్ 5° తీసేయండి: 0.0038. దాంతో గుణిస్తే 1.1×10⁵² ఎర్గులు. మనం వెతకాల్సింది ఇంతే.

ఇది ఎక్కడి నుంచి రావాలి? ప్రోటాన్లు, న్యూట్రాన్లు క్వార్కులనే ఇంకా చిన్న కణాలతో తయారవుతాయి. వాటిలో అప్, డౌన్, స్ట్రేంజ్ అనే మూడు రకాలు కలిసిన పదార్థం మామూలు అణుకేంద్రకం కన్నా స్థిరంగా ఉండొచ్చని 1971లో బోడ్మర్, 1984లో విట్టెన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ఊహించారు. అదే నిజమైతే న్యూట్రాన్ తార (పెద్ద నక్షత్రం పేలాక మిగిలే, ఎక్కువగా న్యూట్రాన్లతో నిండిన దట్టమైన తార) మొత్తం క్వార్క్ తారగా మారిపోవచ్చు. గామా విస్ఫోటాలకు ఈ మార్పే మూలం కావచ్చని 1996లో చెంగ్, దాయ్ ప్రతిపాదించారు.

కాగితం తీసుకోండి. తార బరువు 1.4 సూర్యులు, అంటే 2.8×10³³ గ్రాములు. దీన్ని ఒక న్యూట్రాన్ బరువు 1.67×10⁻²⁴ గ్రాములతో భాగిస్తే 1.7×10⁵⁷ న్యూట్రాన్లు. ఒక్కోదాని నుంచి 20 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 3.2×10⁻⁵ ఎర్గులు వస్తాయనుకుంటే మొత్తం 5.4×10⁵² ఎర్గులు. కావలసినదానికి ఐదు రెట్లు!

ఇక్కడితో పెన్ను కింద పెట్టేయకండి. ఈ శక్తిలో ఎక్కువ భాగాన్ని న్యూట్రినోలే (దేనితోనూ పెద్దగా కలవని అతి తేలిక కణాలు) పట్టుకుపోతాయి, అవి తమలో తాము ఢీకొని జెట్‌ను నడపగల ఎలక్ట్రాన్, పాజిట్రాన్ (ఎలక్ట్రాన్‌కు ప్రతికణం) జతలుగా మారేది బాగా తక్కువ. మనకేమో ఐదో వంతు మిగలాలి. నా దృష్టిలో ఈ ఊహకు అసలు ఇబ్బంది ఇదే, ఆ 5.4ను మాత్రమే చూపించి సరిపోయిందనడం తొందరపాటు.

అయినా దీన్ని నేను కొట్టిపారేయను, ఎందుకో ఇంకో చిన్న లెక్క చెబుతుంది. జెట్ లోరెంజ్ గుణకం (వేగం కాంతి వేగానికి ఎంత దగ్గరో చెప్పే అంకె) కనీసం 100 ఉండాలి, లేకపోతే గామా కిరణాలు లోపలే చిక్కుకుపోతాయి. 1.1×10⁵²ను 100తోనూ, కాంతి వేగం వర్గంతోనూ (9×10²⁰) భాగించండి: 1.2×10²⁹ గ్రాములు, సుమారు 20 భూముల బరువు. జెట్‌లో ఇంతకు మించి మామూలు పదార్థం కలవకూడదు. న్యూట్రాన్ తార పైపొరల్లో అంతకన్నా చాలా ఎక్కువే ఉంటుంది. క్వార్క్ తారకైతే పైనుండే పెంకు మహా అయితే సూర్యుడిలో లక్షో వంతు, అంటే మూడు నాలుగు భూములంత. ఈ శుభ్రతే నన్ను ఆకట్టుకుంటుంది. క్వార్క్ తార ఉందని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ నిర్ధారించలేదు.

అభ్యాసం: 2022 అక్టోబర్ 9 నాటి జీఆర్‌బీ 221009ఏకి అన్ని వైపుల లెక్క సుమారు 10⁵⁵ ఎర్గులు. అర్ధకోణం 1 డిగ్రీతో ఒకసారి, 5 డిగ్రీలతో ఒకసారి కట్టి, రెండింటినీ 5.4×10⁵² పక్కన పెట్టి చూడండి. జవాబులు 1.5×10⁵¹, 3.8×10⁵² చుట్టుపక్కల రావాలి. వచ్చే పాఠంలో మాగ్నెటార్ (విపరీతమైన అయస్కాంత క్షేత్రమున్న న్యూట్రాన్ తార) తిరుగుడు శక్తి కడదాం.