అమెరికాలో సెకండ్ గ్రేడ్: పిల్లలు ఏం నేర్చుకుంటారు, ఇంట్లో మనం ఏం చూసుకోవాలి

ఇండియా నుంచి వచ్చి పిల్లల్ని సెకండ్ గ్రేడ్‌లో చేర్పించిన తల్లిదండ్రుల్లో చాలామందికి మొదటి నెలలో ఒకటే బెంగ. సంచిలో పుస్తకాలు లేవు, యూనిట్ టెస్టులు లేవు, ఎక్కాలు అప్పజెప్పించడం లేదు, హోంవర్క్ ఒక కాగితానికి మించదు. అసలు ఏమైనా చెప్తున్నారా అని అనుమానం వస్తుంది. చెప్తున్నారు. ఈ ఏడాది పని దాదాపు అంతా చదవడం మీదా, అంకెల మీద పట్టు రావడం మీదా ఉంటుంది. ఫెడరల్ చట్టం ప్రకారం రాష్ట్ర పరీక్షలు థర్డ్ గ్రేడ్ నుంచి మొదలవుతాయి. అప్పటినుంచి లెక్కల ప్రశ్నైనా సైన్స్ పాఠమైనా పిల్లలు సొంతంగా చదువుకుని అర్థం చేసుకోవాలి. చదవడం సరిగ్గా రాకపోతే థర్డ్ గ్రేడ్‌లోనే ఆపేసే చట్టాలున్న రాష్ట్రాలు కూడా ఉన్నాయి. అందుకే ఈ ఏడాదిని తేలిగ్గా తీసుకోకండి, అలాగని ఎక్కాలతో నింపేయకండి.

ముందు చేర్పించే సంగతి. ఏ గ్రేడ్ అన్నది సాధారణంగా వయసును బట్టి నిర్ణయిస్తారు, సెకండ్ గ్రేడ్ పిల్లలకు ఏడెనిమిదేళ్లు ఉంటాయి. వయసు లెక్కగట్టే కటాఫ్ తేదీ చాలా రాష్ట్రాల్లో సెప్టెంబరు 1, కొన్నిచోట్ల వేరు. ఇండియాలో రెండో తరగతి పూర్తయినా ఇక్కడ మళ్లీ సెకండ్ గ్రేడే ఇవ్వొచ్చు, దాని గురించి పోట్లాడాల్సిన పని లేదు. ఏ స్కూల్ అన్నది మీ ఇంటి చిరునామా చెప్తుంది. లీజు కాగితం, కరెంటు బిల్లు, పాస్‌పోర్టు లేదా జనన ధ్రువపత్రం, టీకాల రికార్డు పట్టుకెళ్లండి. టీకాల్లో మనవాళ్లకి తరచూ తక్కువ పడేది చికెన్‌పాక్స్‌ది, ఇండియా ప్రభుత్వ టీకాల పట్టికలో అది లేదు. టీబీ పరీక్ష అడిగితే, చిన్నప్పుడు బీసీజీ వేయించామని డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయమనండి. బీసీజీ వేసిన పిల్లలకి చర్మం మీద చేసే పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు. ఇక వీసా గురించి భయం అక్కర్లేదు. ఇమిగ్రేషన్ స్థితి కారణంగా పిల్లలకి ప్రభుత్వ బడిలో చోటు నిరాకరించకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే తీర్పు ఇచ్చింది.

ఫారాల్లో రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి పేరు. మనకి ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి పాస్‌పోర్టులో ఏది ఎక్కడ పడిందో చూసి రాయండి, లేకపోతే ఏడాదంతా పిల్లని ఇంటిపేరుతో పిలుస్తారు. పేరు ఎలా పలకాలో టీచరుకి మొదటి రోజే చెప్పండి, వాళ్లు శ్రద్ధగా నేర్చుకుంటారు. రెండోది ఇంట్లో మాట్లాడే భాష గురించి అడిగే ఫారం. తెలుగు అని రాస్తే పిల్లవాణ్ణి వెనకబెంచీలో వేస్తారేమోనని కొందరు ఇంగ్లిష్ అని రాస్తారు. అలా చేయకండి. తెలుగు అని రాస్తే ఒక చిన్న ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, అవసరమైతే ప్రత్యేక టీచరు కొంతసేపు సాయం చేస్తారు. దానికి డబ్బు కట్టక్కర్లేదు. కొత్తగా వచ్చిన పిల్లకి ఆ సాయం ఎంత అండగా ఉంటుందో చెప్పలేను.

ఇప్పుడు అసలు విషయం, చదవడం. ఫస్ట్ గ్రేడ్‌లో అక్షరాల శబ్దాలు పట్టుకున్న పిల్లలు ఈ ఏడాది రెండు మూడు అచ్చులు కలిసి వచ్చే పదాలు, రెండు భాగాలుగా విడగొట్టి చదివే పదాలు, పదానికి ముందూ వెనకా చేరే ముక్కలు నేర్చుకుంటారు. తర్వాత వేగం. టీచర్లు వాడే పట్టికల్లో సగటు పిల్లవాడు ఏడాది మొదట్లో నిమిషానికి 50 పదాల దాకా, చివరికి 100 దాకా తప్పుల్లేకుండా చదువుతాడు. మన పిల్లల్లో నేను ఎక్కువగా చూసేది ఏమిటంటే, గడగడా చదివేస్తారు, ఏం చదివావు అంటే చెప్పలేరు. టీచరు అడిగేది ఆ రెండోదే. ఎవరు, ఎక్కడ, ఎందుకు చేశారు, చివరికి ఏమైంది, అది పుస్తకంలో ఎక్కడ రాసి ఉంది? రోజూ 20 నిమిషాలు చదివించమని ఇంటికి కాగితం పంపితే, ఆ ఇరవైలో ఐదు నిమిషాలు ఈ ప్రశ్నలకి పెట్టండి. జవాబు తెలుగులో చెప్పినా ఫర్వాలేదు, కథ అర్థమైందా లేదా అన్నదే ముఖ్యం. ఇంగ్లిష్ వస్తుందని ఇంట్లో తెలుగు మానేయకండి. పెద్ద పెద్ద సంగతులు అమ్మానాన్నలతో ధారాళంగా మాట్లాడే పిల్లలకి పుస్తకంలో వాక్యాలు త్వరగా వంటపడతాయి.

ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు మొదటి వారంలోనే తీసుకోండి, ఉచితం. ఒకేసారి సంచి నిండా పుస్తకాలు ఇస్తారు. రాయడం కూడా వారం వారం ఉంటుంది: జరిగింది వరసగా చెప్పడం, ఒక విషయాన్ని వివరించడం, నా అభిప్రాయం ఇదీ అని చెప్పి కారణాలు ఇవ్వడం. ఈ మూడోది మన పిల్లలకి కొత్త. ఏది ఎందుకు ఇష్టమో భోజనాల దగ్గర అడగండి. జానపద కథలు కూడా ఈ గ్రేడ్ పాఠాల్లో భాగమే కాబట్టి, తెనాలి రామకృష్ణుడి కథ తెలిసిన పిల్లకి క్లాసులో చెప్పుకోవడానికి సొంత సరుకు ఉన్నట్టే.

లెక్కల్లో తల్లిదండ్రులకి, పిల్లలకి ఎక్కువ గొడవ జరిగేది ఇక్కడే. 47, 38 కలపమంటే మనం 5 వేసి ఒకటి పైకి తీసుకుంటాం. ఇక్కడ పిల్ల 40, 30 కలిపి 70, 7, 8 కలిపి 15, మొత్తం 85 అంటుంది. లేదా 47కి 3 కలిపి 50 చేసి, మిగిలిన 35 కలుపుతుంది. దానికి బొమ్మ గీయమంటారు, ఎలా వచ్చిందో రాయమంటారు. చుట్టు తిరుగుడుగా కనిపించినా ఇది ఒకట్లు, పదులు, వందలు అసలు అర్థమయ్యేలా చేసే పద్ధతి. దయచేసి పిల్ల ముందు దీన్ని వెక్కిరించకండి. నాకు నేర్పించు అని పక్కన కూర్చోండి. 40కి పైగా రాష్ట్రాలు తీసుకున్న కామన్ కోర్ అనే ఉమ్మడి పాఠ్యప్రమాణాల ప్రకారం ఏడాది చివరికి ఒంటి అంకెల కూడికలన్నీ నోటికి రావాలి, 100 లోపు కూడికలు, తీసివేతలు తడుముకోకుండా చేయాలి, 1000 దాకా స్థానవిలువలు తెలియాలి. టెక్సస్, వర్జీనియాలకి సొంత పాఠ్యప్రణాళికలున్నా సెకండ్ గ్రేడ్ లెక్కలు దీనికి మరీ దూరం కాదు. గుణకారం ప్రధానంగా థర్డ్ గ్రేడ్‌లో. ఎక్కాలు వచ్చిన పిల్లకి మంచిదే, కానీ 52లోంచి 19 తీసి ఎలా తీశావో చెప్పలేకపోతే ఆ ఎక్కాలు ఈ ఏడాది ఆదుకోవు.

మన పిల్లలు తడబడే చోటు ఇంకొకటి, నాణేలు. 10 సెంట్ల డైమ్ 5 సెంట్ల నికెల్ కన్నా చిన్నది, పైగా దాని మీద 10 అని అంకె ఉండదు. అంగుళాలు, అడుగులు కూడా కొత్తే. చిల్లర చేతికిచ్చి లెక్కపెట్టించండి, స్కేలుతో ఇంట్లో సామాన్లు కొలిపించండి. గడియారం ఐదేసి నిమిషాల లెక్కన చూడటమూ ఈ ఏడాదే.

సైన్స్‌లో పదార్థాల గుణాలు, మొక్కలకి ఎండా నీరూ, పరాగసంపర్కం, నేల రూపురేఖలు ఉంటాయి. సోషల్‌లో మ్యాపులు, ఊరు, అప్పటికీ ఇప్పటికీ తేడాలు. వీటికి ఇంట్లో ప్రత్యేకంగా చేయాల్సింది పెద్దగా లేదు.

బడిలో రోజు ఆరున్నర ఏడు గంటలు. మధ్యలో భోజనం, ఆటవిడుపు, సంగీతం, బొమ్మలు గీయడం, పీఈ అంటే వ్యాయామం. స్కూల్ భోజనం తీసుకుంటే నెల మెనూ చూసి ఏది తినకూడదో పిల్లకి ముందే చెప్పండి. పెప్పరోనీ అంటే మాంసమని, మార్ష్‌మాలోలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుందని వాళ్లకి తెలియదు. ఫిబ్రవరిలో వాలెంటైన్స్ డేకి క్లాసులో అందరికీ చిన్న కార్డులు ఇస్తారు, టీచరు పేర్ల జాబితా పంపుతారు, ఒక్కరినీ వదలకూడదు. బడి తెరిచాక నూరో రోజున ఏవైనా 100 వస్తువులు తెమ్మనే బళ్లు చాలా ఉన్నాయి. అగ్నిప్రమాదం డ్రిల్లుతో పాటు లాక్‌డౌన్ డ్రిల్ కూడా చేస్తారు, అంటే ఎవరైనా ప్రమాదకరమైనవాళ్లు బడిలోకి చొరబడితే తలుపులు వేసుకుని దాక్కునే అభ్యాసం. చీకట్లో నిశ్శబ్దంగా కూర్చోమంటే కొత్త పిల్లలు హడలిపోతారు. అలాంటిది ఉంటుందని, అది అభ్యాసం మాత్రమేనని ముందే నెమ్మదిగా చెప్పి ఉంచండి.

రిపోర్ట్ కార్డు చూసి కంగారుపడకండి. చాలా బళ్లలో 1 నుంచి 4 దాకా ఇస్తారు. 3 అంటే ఈ గ్రేడ్‌కి రావాల్సింది వచ్చిందని, నాలుగింట మూడు మార్కులని కాదు. టీచరుతో ముఖాముఖి పావుగంటో ఇరవై నిమిషాలో దొరుకుతుంది. ర్యాంకు అడగకండి, ఇక్కడ చెప్పరు. చదవడంలో ఎక్కడుంది, ఎవరితో ఆడుతోంది, క్లాసులో నోరు విప్పుతోందా అని అడగండి. ఇంగ్లిష్ ఇబ్బందైతే దుబాసీని బడే ఏర్పాటు చేయాలి, పిల్లతో అనువాదం చేయించకండి. నేర్చుకోవడంలో ఏదైనా లోపం ఉందని అనుమానం వస్తే పరీక్షించమని రాతపూర్వకంగా కోరండి, అదీ ఉచితమే. చురుకైన పిల్లలకి వేరుగా పాఠాలు చెప్పే గిఫ్టెడ్ ప్రోగ్రాం కోసం కాగ్యాట్ అనే పరీక్ష చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఈ గ్రేడ్‌లోనే పెడతారు. అది మాటలు, సంఖ్యలు, ఆకారాలతో ఆలోచించే తీరు చూసే పరీక్ష. దానికోసం ఏడేళ్ల పిల్లని కోచింగ్‌లో పెట్టడం నాకు సుతరామూ నచ్చదు.

ఇండియా ప్రయాణం వీలైనంతవరకు సెలవుల్లోనే పెట్టుకోండి. వరసగా కొన్ని రోజులు రాకపోతే పేరు తీసేసే నియమం చాలా చోట్ల ఉంది. ఎన్ని రోజులన్నది టికెట్లు కొనకముందే ఆఫీసులో కనుక్కోండి. తిరిగి వెళ్లిపోతున్నవాళ్లైతే, అక్కడి బడి అడిగే టీసీ లాంటిది ఇక్కడ దానంతటది రాదు. విత్‌డ్రాయల్ ఫారం, రిపోర్ట్ కార్డులు, టీకాల రికార్డు బడి సంతకంతో తీసుకోండి. వేసవిలో ఆఫీసు కొన్ని వారాలు మూసి ఉండొచ్చు కాబట్టి బడి ముగిసేలోపే అడగండి.