కోర్టులో పరుగు – 4వ పాఠం: ఆగడం

గత పాఠంలో బాస్కెట్‌బాల్ పరుగులో తొలి మూడు అడుగుల సంగతి చూశాం. ముందుకు వాలి, నేలను వెనక్కి తోస్తూ బయలుదేరడం ఈపాటికి కొంత అలవాటై ఉండాలి. ఇంకా కుదరకపోతే ఈ వారం కూడా అదే సాధన చేయండి. ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి మన పని ఆగడం. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు. వంద మీటర్ల పోటీలో మేటి పరుగువీరులు గరిష్ఠ వేగం అందుకునేది 50 మీటర్లు దాటిన తర్వాత. మన కోర్టులో అంత దూరమే లేదు. 1995లో ఆస్ట్రేలియా లీగ్ ఆటగాళ్ల కదలికలను లెక్కించి ప్రచురించిన పరిశీలనలో, వాళ్లు సగటున 2 సెకన్లకు ఒకసారి కదలిక మారుస్తున్నట్లు తేలింది. నడక పరుగవుతుంది, పరుగు పక్క అడుగులవుతుంది, అంతలోనే ఎగరాలి. ఇంత తరచుగా మారాలంటే ప్రతి మార్పుకూ ముందు చిన్నదో పెద్దదో ఒక బ్రేకు పడాలి.

నా దగ్గర సాధన చేసిన ఒక అమ్మాయి జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేది. ఒక మ్యాచ్‌లో బంతి అందుకుని ఒక్కసారిగా ఆగబోయింది. మోకాలు లోపలికి మెలితిరిగి పడిపోయింది. చుట్టుపక్కల ఎవరూ లేరు, ఎవరి భుజమూ తగలలేదు. అప్పటిదాకా ఆమె వేగం పెంచడమే నా పని అనుకున్నాను. ఆ వేగాన్ని ఆపుకోవడం నేర్పలేదు. మోకాలిలో ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు (గట్టి పట్టీ) తెగే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. ఎవరూ ఢీకొట్టరు. ఆగేటప్పుడో, దిశ మార్చేటప్పుడో, ఎగిరి దిగేటప్పుడో జరుగుతుంది. అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఈ ముప్పు ఎక్కువ. అందుకే ఈ పాఠాన్ని దాటేసి ముందుకు వెళ్లవద్దని అడుగుతున్నాను.

కిక్కిరిసిన బస్సులో పైకడ్డీ అందక నిలబడిన అనుభవం గుర్తు చేసుకోండి. డ్రైవరు బ్రేకు వేయబోతున్నాడని తెలియగానే కాళ్లు ఎడం చేస్తాం, మోకాళ్లు వంచుతాం, నడుము కిందికి దించుతాం. ఆ సంగతి తెలియనివాడు ముందువాళ్ల మీద పడతాడు. కోర్టులో డ్రైవరూ మీరే, ప్రయాణికుడూ మీరే. కాబట్టి బ్రేకు ఎప్పుడు పడుతుందో ఒంటికి ముందే తెలియాలి.

బ్రేకు పడాల్సింది చివరి అడుగులో కాదు, దానికి ముందటి అడుగులో. ఈ పాఠం మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది. ముందటి అడుగు ఒంటికి కాస్త ముందు పడాలి. మొదట మడమ తగిలి, వెంటనే పాదమంతా నేలకు ఆనాలి. ఆ కాలి మోకాలు బాగా వంగుతూ నడుమును కిందికి దించాలి. వేగంలో ఎక్కువ భాగం అక్కడే కరగాలి. అప్పుడు చివరి అడుగుకు మిగిలే పని తక్కువ. దిశ మార్చి మళ్లీ తోయడానికి ఆ కాలు సిద్ధంగా ఉంటుంది. పిల్లలు సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు. చివరి అడుగు దాకా పూర్తి వేగంతో వచ్చి, నిటారుగా ఉన్న ఒక్క కాలి మీద భారమంతా మోపుతారు. ఛాతీ ముందుకు తూలుతుంది, మోకాలు లోపలికి కూలుతుంది.

మొదటి సాధనకు కోర్టు కూడా అక్కరలేదు. వాకిట్లో తొక్కుడుబిళ్ల గడులు గీయండి. ఒంటికాలితో ఒక గడిలోకి గెంతి, రెండు అంకెలు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడండి. తర్వాతే రెండో గడి. మోకాలు పాదం రెండో వేలికి సూటిగా ఉండాలి, బొటనవేలు దాటి లోపలికి పోకూడదు. కాలికి 5 గెంతులు చాలు. మన ఇళ్ల ముందు తరతరాలుగా ఆడిన ఈ ఆటలో ఒంటికాలి అదుపు మొత్తం ఉంది. అబ్బాయిలు దీన్ని ఆడపిల్లల ఆట అని పక్కన పెట్టడం నాకు బాధగా ఉంటుంది.

ఇక కోర్టు మీదకు వద్దాం. సిమెంటు కోర్టయితే ముందు ఊడ్చండి. సన్నని ఇసుక మీద బ్రేకు వేయడం ప్రమాదం. బేస్‌లైన్ (బుట్ట వెనక ఉండే కోర్టు చివరి గీత) నుంచి ఫ్రీ త్రో గీతకు (బుట్టకు ఎదురుగా, ఎవరూ అడ్డుకోకుండా బంతి వేసే గీత) 5.8 మీటర్లు. సగం వేగంతో బయలుదేరి ఆ గీత దగ్గర ఆగండి. ఆగిన భంగిమలోనే రెండు సెకన్లు ఉండండి. పాదాలు భుజాలకన్నా కొంచెం ఎడంగా, నడుము కిందికి, చూపు ముందుకు. గీత దాటి ఇంకో అడుగు పడిందంటే వేగం తగ్గించి మళ్లీ చేయాలి. మొదటి వారం సగం వేగం, రెండో వారం ముప్పావు వేగం, మూడో వారమే పూర్తి వేగం. రోజుకు 12 సార్లకు మించవద్దు. వారానికి రెండు రోజులు చేయండి, ఆ రెండింటి మధ్య కనీసం రెండు రోజుల ఎడం ఉంచండి.

ఒక్కో పరుగు తర్వాత 40 సెకన్లు నిలబడి ఊపిరి తీసుకోండి. ఇది బద్ధకం కాదు. కండరాల్లో పేలుడు వేగానికి పనికొచ్చే ఇంధనం కొన్ని సెకన్లకే సరిపోతుంది, మళ్లీ నిండడానికి సమయం కావాలి. అలసిపోయి తీసే పరుగు నెమ్మదిగా పరిగెత్తడాన్నే నేర్పుతుంది. తప్పు చేసినందుకు శిక్షగా గీతల మధ్య పరిగెత్తించే పద్ధతిని నేను ఒప్పుకోను. దానివల్ల పిల్లలకు పరుగంటేనే అయిష్టం పుడుతుంది.

ఒక హెచ్చరిక. అమ్మాయిలు దాదాపు 12 ఏళ్లప్పుడు, అబ్బాయిలు దాదాపు 14 ఏళ్లప్పుడు ఒక్కసారిగా పొడవవుతారు. ఆ నెలల్లో నిన్నటిదాకా చక్కగా ఆగిన కాళ్లు తడబడతాయి. అది మీ లోపం కాదు. కాళ్ల పొడవు మారింది, అదుపు దాన్ని అందుకోవాలి. వేగం ఒక మెట్టు తగ్గించి కొనసాగించండి. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట నొక్కితే నొప్పి పుడితే మాత్రం పరుగులు, గెంతులు ఆపి డాక్టరుకు చూపించండి.

మూడో వారం నుంచి ఒక స్నేహితుణ్ని తోడు తెచ్చుకోండి. ఎక్కడ ఆగాలో, ఎటు తిరగాలో ముందే తెలిసిన పరుగు ఎంత చేసినా సగం చదువే. ఖోఖోలో పట్టే ఆటగాడు ఎటు తిరుగుతాడో తప్పించుకునేవాడికి ముందే తెలియదు. అక్కడ చురుకుదనం కళ్ల నుంచి మొదలవుతుంది. మీ స్నేహితుడు ఫ్రీ త్రో గీతకు అవతల మూడు అడుగుల దూరంలో నిలబడి, మీరు గీతను సమీపిస్తుండగా కుడికో ఎడమకో ఒక అడుగు వేస్తాడు. మీరు ఆగి అటే కదలాలి. అతని చేతులను, తలను చూడకండి, నడుమును చూడండి. చేతులతో, తలతో ఎన్ని మాయలైనా చేయవచ్చు. మనిషి వెళ్లేది నడుము వెళ్లే వైపే.

చివరగా ఒక కొలత. బేస్‌లైన్ నుంచి ఫ్రీ త్రో గీతను పాదంతో తాకి తిరిగి బేస్‌లైన్‌కు వస్తే 11.6 మీటర్లు. అంతే దూరం నేరుగా కూడా పరిగెత్తండి. మధ్య గీత 14 మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి, దానికి 2.4 మీటర్ల ఇవతల సుద్దముక్కతో గీత గీస్తే సరిపోతుంది. రెండింటినీ ఫోనులో వీడియో తీయించుకోండి. సెకనుకు 30 ఫ్రేములుంటే 3 ఫ్రేములు 0.1 సెకను. నేరు పరుగు 2.4 సెకన్లు, తిరుగు పరుగు 3.5 సెకన్లు అయితే, ఆగి తిరగడానికి మీరు చెల్లించిన వెల 1.1 సెకన్లు. కుడికాలితో గీతను తాకి ఒకసారి, ఎడమకాలితో తాకి ఒకసారి కొలిచి, రెండు అంకెలూ నోటు పుస్తకంలో విడివిడిగా తేదీతో రాసుకోండి. ఏ కాలి అంకె పెద్దదిగా ఉందో ఆ కాలితోనే 5వ పాఠం మొదలుపెడదాం.