మీటరు సున్నా చూపిస్తే నమ్మొచ్చా? సప్లై ఉన్న లైన్ల పరీక్షలో జాగ్రత్తలు

సప్లై ఉండగానే మీటరు పెట్టాల్సిన పనులు నిజానికి తక్కువే. వోల్టేజి ఎంత ఉంది, లోడు ఎంత కరెంటు లాగుతోంది, ఎర్త్ లూప్ (ఫేజ్ నుంచి ఎర్త్ మీదుగా కరెంటు తిరిగివెళ్లే దారి) విలువ ఎంత, ఆర్‌సీసీబీ (లీకేజి కరెంటు ఉంటే సప్లై ఆపేసే స్విచ్చు) సరిగ్గా ట్రిప్ అవుతోందా: దాదాపు ఇంతే. కంటిన్యుయిటీ (వైరు తెగకుండా ఉందా అని చూడడం), మెగ్గర్ (ఇన్సులేషన్) పరీక్ష, తెగిన వైరు వెతకడం, లూజు స్క్రూ బిగించడం అన్నీ సప్లై తీశాకే. "ఒక్క స్క్రూనే కదా" అని డీబీలో (డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) సప్లై ఉండగానే స్క్రూడ్రైవరు పెడతారు. అది జారి ఫేజ్‌కీ ఎర్త్ బార్‌కీ మధ్య పడితే షాక్ కన్నా ముందు మంట వస్తుంది, ముఖం, చేతులు కాలతాయి.

పనికి ముందు మీటరు సంగతి చూడాలి. మీటరు మీద, లీడ్ల మీద క్యాట్ రేటింగు ముద్రించి ఉంటుంది. సాకెట్‌కు పెట్టే పరికరాలకు క్యాట్ 2, డీబీకి, గోడలోని వైరింగుకు క్యాట్ 3, భవనంలోకి సప్లై వచ్చే చోటికి క్యాట్ 4 కావాలి. ఇది వోల్టేజి ఒక్కదాని లెక్క కాదు. లైన్లో క్షణకాలం వేల వోల్టుల సర్జ్ వచ్చినా మీటరు చేతిలో పేలకుండా తట్టుకోవడానికి ఆ రేటింగు. 600 వోల్టుల క్యాట్ 3 మీటరు 6,000 వోల్టుల సర్జ్ తట్టుకునేలా తయారవుతుంది. లోపలి హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు (భారీ షార్ట్ కరెంటునూ పేలకుండా తెంచేది) పోతే దాని స్థానంలో మామూలు గాజు ఫ్యూజు వేస్తే ఆ రేటింగుకు విలువే లేదు. లీడ్లలో పగుళ్లు ఉండకూడదు. ప్రోబ్ కొన దగ్గర బయటికి కనిపించే లోహం 4 మిల్లీమీటర్లు మించకూడదు. పొడుగు కొన ఒకేసారి రెండు టెర్మినళ్లకు తగిలి షార్ట్ చేస్తుంది.

మీటర్లు పేలడానికి మామూలు కారణం మరొకటి ఉంది. కరెంటు కొలిచాక ఎర్ర లీడును ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసి, తర్వాత ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ ప్రోబ్‌లు పెడతారు. ఆంపియర్ల దారిలో రెసిస్టెన్స్ ఉండదు కాబట్టి అది నేరుగా షార్టే. కరెంటు కొలవడానికి క్లాంప్ మీటరు వాడండి, దాన్ని ఒక్క వైరు చుట్టూనే వేయండి. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి వేస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, లీకేజి మాత్రమే కనిపిస్తుంది.

ఉంగరం, గొలుసు, లోహపు పట్టీ ఉన్న గడియారం తీసేయండి. నూలు బట్టలు, పొడి బూట్లు, కాళ్ల కింద రబ్బరు మ్యాటు, చేతికి 1000 వోల్టులకు వాడే క్లాస్ 0 గ్లౌజులు. గ్లౌజులో గాలి నింపి, మణికట్టు దగ్గర మూసి నొక్కితే చిల్లు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. మెయిన్ ఎక్కడుందో తెలిసిన మనిషి ఒకరు దగ్గర ఉండాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందిలే అని ధైర్యపడొద్దు. ఒక చేయి ఫేజ్‌కీ మరో చేయి న్యూట్రల్‌కీ తగిలితే దాని లెక్కలో మీరూ ఒక లోడే, అది ట్రిప్ కాదు. చేతి నుంచి చేతికి శరీర రెసిస్టెన్స్ సుమారు 1000 ఓములు అనుకుంటే 230 వోల్టులకు 230 మిల్లీఆంపియర్లు గుండె మీదుగా పోతాయి. అందుకే నల్ల ప్రోబ్‌కు మొసలి క్లిప్పు తగిలించి ముందు న్యూట్రల్‌కు పెట్టండి, తర్వాత ఎర్రదాన్ని ఒక్క చేత్తో ఫేజ్‌కు ఆనించండి. తీసేటప్పుడు ముందు ఎర్రది.

230 వోల్టుల లైన్లో ఫేజ్–న్యూట్రల్ మధ్య, ఫేజ్–ఎర్త్ మధ్య ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్–ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉంటే కంగారు అక్కర్లేదు. అక్కడే 230 వచ్చి ఫేజ్–ఎర్త్ మధ్య సున్నా వస్తే వైర్లు తారుమారయ్యాయి. సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలిగితే చాలాసార్లు న్యూట్రల్ తెగిందని అర్థం. ఆన్‌లో ఉన్న ఏదో లోడు మీదుగా ఫేజ్ అటువైపు వస్తోంది, తాకితే షాకే.

సప్లై లేదని తేల్చుకోవడమే అన్నిటికన్నా మోసం చేసే పని. నియాన్ టెస్టరు వెలగకపోవడం సాక్ష్యం కాదు. ఎండ వెలుతురులో ఆ వెలుగు కనపడదు, మంచి రబ్బరు చెప్పులుంటే వెలుగు మరీ మందగిస్తుంది. తాకకుండా శబ్దం చేసే పెన్ టెస్టరు మెటల్ షీల్డు ఉన్న కేబుల్ మీద పలకదు. డిజిటల్ మల్టీమీటరుది దీనికి వ్యతిరేకం. దాని రెసిస్టెన్స్ సుమారు 10 మెగా ఓములు కాబట్టి పక్క వైరు నుంచి అంటిన వోల్టేజి కూడా తెగిన వైరులో 60, 80 అని చూపిస్తుంది. రెండు ప్రోబ్‌లు ఉన్న 'లో ఇంపీడెన్స్' (లోపలి రెసిస్టెన్స్ తక్కువ ఉన్న) టెస్టరు పెడితే ఆ దొంగ వోల్టేజి పడిపోతుంది.

ఏ టెస్టరైనా పద్ధతి ఇదే:

1. సప్లై ఉందని తెలిసిన చోట పెట్టి టెస్టరు పనిచేస్తోందని చూడండి.
2. ఎంసీబీ (డీబీలో ఆ సర్క్యూట్ బ్రేకరు) ఆపి, లాక్ వేసి తాళంచెవి జేబులో వేసుకోండి. ఫ్యూజయితే దాన్ని పీకి జేబులో వేసుకోండి.
3. ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడూ చూడండి.
4. మళ్లీ మొదటి చోటికి వెళ్లి టెస్టరు ఇంకా బతికే ఉందని చూడండి.

నాలుగోదాన్నే అందరూ వదిలేస్తారు. మధ్యలో లీడు తెగినా, బ్యాటరీ అయిపోయినా మూడో మెట్టులో వచ్చిన సున్నాకు అర్థం లేదు.

సింగిల్ పోల్ ఎంసీబీ న్యూట్రల్‌ను విడదీయదు. రెండు సర్క్యూట్లు ఒకే న్యూట్రల్ పంచుకుంటుంటే, ఒకటి ఆపినా రెండోదాని లోడు కరెంటు అందులో తిరుగుతూనే ఉంటుంది. బార్ నుంచి ఆ న్యూట్రల్ విప్పిన క్షణంలో తెగిన కొన ఫేజ్ అవుతుంది. విప్పేముందు దానికి క్లాంప్ మీటరు వేసి ఒక్క మిల్లీఆంపియరు కనిపించినా ఆగండి. ఇన్వర్టరు, జనరేటరు, సోలారు ఉన్న భవనంలో మెయిన్ ఆపాక కూడా వెనక నుంచి సప్లై రావచ్చు. రెండో మెట్టులో వాటి ఐసోలేటర్లు (సప్లైని విడదీసే స్విచ్చులు) కూడా దించాకే మూడో మెట్టుకు వెళ్లాలి.