చెక్ నేర్చుకుందాం – 7: గుసగుసలూ గలగలలూ

పోయినసారి పెద్ద చప్పుళ్లు చూశాం, ఈసారి వినీ వినపడనివి. మనం గుసగుస, గలగల, గొణగొణ అని జంటమాటలు వాడి, చివర ‘లాడు’ అనో ‘మను’ అనో తగిలించేస్తాం. చెక్ భాషలో ఆ సదుపాయం లేదు, ఒక్కో చప్పుడుకి విడిగా ఒక క్రియ ఉంటుంది. అందుకే మాటని ఒక్కదాన్నే బట్టీ పట్టకండి, ఆ చప్పుడు దేనిదో దాంతో కలిపి పట్టండి.

ముందు షుమ్న్యెత్. గాలికి చెట్లు చేసే హోరు ఇదే. వాళ్ల జాతీయగీతం, 1834లో ప్రాగ్‌లో ఒక నాటకంలో మొదటిసారి పాడింది, అందులో ‘వోద హుచీ’, ‘బోరి షుమీ’ అని వస్తాయి: నీళ్లు హోరెత్తుతున్నాయి, పైన్ అడవులు సన్నగా హోరుమంటున్నాయి. హుచెత్ గట్టిది, షుమ్న్యెత్ మెత్తనిది, తేడా అంతే. మందుల షాపులో నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగే మాత్రలు ఉంటాయి చూడండి, వాటి పెట్టె మీద ‘షుమివే తబ్లెతి’ అని ఉంటుంది, అదీ ఈ క్రియ నుంచే.

ఎండుటాకులు, కాగితం, ప్లాస్టిక్ కవరు అయితే షుస్త్యిత్. ఇక్కడ రాతలో t తర్వాత i వచ్చింది (తబ్లెతిలో లాగా y కాదు) కాబట్టి ‘త్యి’ అని మెత్తబడాలి, ఇంగ్లీషు అలవాటులో ‘ట’ అన్నారో, వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. 1990ల్లో అక్కడ అందరూ తొడిగిన నైలాన్ ట్రాక్‌సూట్లకి షుస్త్యాకి అని పేరు, నడిస్తే ఒకటే చప్పుడు మరి.

ఇక మనుషులు. షెప్తత్ అంటే గుసగుసగా చెప్పడం. ముందు ‘పొ’ చేరిస్తే పని అయిపోయినట్టు: ‘పొషెప్తల మి తొ దొ ఉఖ’, ఆవిడ నాకది చెవిలో చెప్పింది. ష్పితత్ ఇంకా సన్నగా మాట్లాడటం, ఒక్కసారి ఒక్క ముక్క అనేస్తే ష్పిత్నొవుత్. ముమ్లత్ గొణగడం, పక్కన ‘పొద్ వొవుసి’, అంటే గడ్డం వెంట్రుకల కింద, అని కలిపితే తనలో తను గొణుక్కోవడం. నలుగురూ చెవులు కొరుక్కుంటుంటే ‘షుష్కా సె’, మన ‘అట’ లాంటిది, నాకు మహా ఇష్టం.

పిల్లి గురగురకీ ఒక క్రియ ఉంది కానీ అందులో చెక్ వాళ్ల ఆ మొండి ‘ర’ ఉంది, దానికి విడిగా ఒక భాగం కావాలి.

అభ్యాసం: కొత్త పట్టుచీర, అప్పుడే తెరిచిన సోడా, క్లాసులో వెనక బెంచీ. దేనికి ఏ క్రియో చెక్‌లో పూర్తి వాక్యంగా రాయండి. వెనక బెంచీకి ఒకటికి మించి జవాబులున్నాయి.